నల్లబండ మీద కూర్చోనన్న ఎలుగుబంటి

అనగనగా, ఇప్పచెట్లు తప్ప చెప్పుకోడానికి ఇంకే గొప్పా లేని ఒక అడవి. ఆ అడవిలో ఒక ఎలుగుబంటి ఉండేవాడు. పేరు కొండలరాయుడు. పేరు విని బెదిరిపోకండి పిల్లలూ. ఆ పేరు వాడికి ఎవరూ పెట్టలేదు. తనే పెట్టుకున్నాడు.

అయితే ఒక్క సంగతి ఒప్పుకోవాలి. చెలమ తవ్వడంలో వాణ్ణి మించినవాడు లేడు. చెలమంటే తెలుసుగా? ఎండాకాలం వాగు ఎండిపోతుంది. పైన అంతా ఇసుకే. కింద మాత్రం నీళ్ళుంటాయి. ఎక్కడ తవ్వాలో తెలిసినవాడు తవ్వితే గుంటలో నీళ్ళు ఊరతాయి. ఆ గుంటే చెలమ. రాయుడు వాగులో నాలుగడుగులు వేసి, ఇసుకలో ముక్కు పెట్టి, "ఇక్కడ" అనేవాడు. పొద్దెక్కేలోగా అక్కడ నీళ్ళుండేవి. కుందేళ్ళు, జింకలు, ముంగిసలు, ఉడతలు, అన్నీ ఆ నీళ్ళు తాగే వేసవి గట్టెక్కేవి.

ఆ మెప్పు వాడి తలకెక్కింది. మెప్పుతో ఆగినా బాగుండేది. ఇప్పపువ్వు కూడా ఎక్కింది.

ఇప్పపువ్వు తినడం తప్పేమీ కాదు. ఎలుగులన్నీ తింటాయి. కానీ వీడు తాజా పువ్వుతో ఆగలేదు. కొండ నీడన ఒక రాతి గుంట ఉంది. అందులో కొంచెం నీళ్ళు నిలుస్తాయి. రాలిన పువ్వంతా అందులో పడి, నాని, పులిసి, నురగ కక్కుతుంది. మిగతా జంతువులు ఆ వాసనకే ముక్కు మూసుకుని పక్కనుంచి పోయేవి. వీడు మూతి పెట్టి జుర్రుకునేవాడు. పువ్వుల కాలం అయిపోతే అడవి అంచుకి పోయేవాడు. అక్కడ మనుషులెవరో దొంగతనంగా సారా కాచేవాళ్ళు. వాళ్ళు పారబోసిన పిప్పి నాకేవాడు. చూశారా, కొండలకి రాయుడుగారు!

ఎవరైనా అడిగితే, "నేనేమన్నా తాగుబోతునా? ఎప్పుడు కావాలంటే అప్పుడు మానెయ్యగలను" అనేవాడు. ఆ ఎప్పుడు అనేది మాత్రం ఎప్పుడూ రాలేదు.

వాడి భార్య నేరేడమ్మ మొదట నచ్చచెప్పింది. తరవాత ఏడ్చింది. మూడోసారి చెప్పనూ లేదు, ఏడవనూ లేదు. ఆ రోజు రాయుడు చెలమ సగం తవ్వి, తూలుకుంటూ రాతి గుంట దగ్గరికి పోయాడు. సగం తవ్విన చెలమకి అంచులు సరిగ్గా ఉండవు. నీళ్ళ కోసం వంగిన జింకపిల్ల కాలు జారి లోపల పడింది. ముందుకాలు విరిగింది. నేరేడమ్మ వెళ్ళి ఆ పిల్లని పైకి తీసి, తల్లి దగ్గర దింపి, తిన్నగా ఇంటికొచ్చింది.

"నేను అవతలి కొండకి మా అక్క దగ్గరికి పోతున్నా" అంది.

"ఇంత చిన్నదానికేనా?" అన్నాడు రాయుడు, నాలుక మడత పడుతుంటే.

"ఆ పిల్ల కాలు చిన్నదేనయ్యా. నీ కళ్ళకి ఇంకేం కనబడుతోంది కనక!" అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న రాయుడు చెలమ తవ్వబోయాడు. చేతులు వణికాయి. ఇసుక గోళ్ళలో నిలవలేదు. ఎన్నిసార్లు ముక్కు పెట్టినా నీళ్ళ వాసన తెలియలేదు, పులిసిన పువ్వు వాసనే వచ్చింది. అప్పుడు భయం వేసింది. పరువు పోతుందన్న భయమే కావచ్చు. ఏదైతేనేం, పొలుసమ్మ దగ్గరికి వెళ్ళాడు.

పొలుసమ్మ ముసలి అలుగు. ఒళ్ళంతా పొలుసులు, నాలుక పొడుగు, మాట పొట్టి. వేళ్ళూ మూలికలూ ఆమెకి తెలిసినట్టు ఆ అడవిలో ఇంకెవరికీ తెలియవు. రాయుణ్ణి నలభై రోజులు తన గుహలో పెట్టుకుంది. చేదు వేరు నూరి పట్టింది. మొదటి వారం వాడు కక్కాడు, వణికాడు, లేని పాముల్ని చూసి అరిచాడు. రెండో వారం నిద్రపోయాడు. మూడో వారం ఆకలన్నాడు. నలభయ్యో రోజుకి కళ్ళు తేటపడ్డాయి, చేతులు నిలబడ్డాయి.

బయల్దేరేటప్పుడు రాయుడు దణ్ణం పెట్టాడు. "అమ్మా, మీరు నన్ను బాగు చేశారు. ఇంక నాకే దిగులూ లేదు."

"నేను నీ ఒంట్లో విషం తీశాను. అంతవరకే నా పని" అంది పొలుసమ్మ. "తాగాలనే కోరిక తియ్యడానికి నా దగ్గర వేరు లేదు. ఎవరి దగ్గరా లేదు. వాగు మలుపులో నల్లబండ ఉంది. రోజూ పొద్దున్నే అక్కడ ముగ్గురు కూర్చుంటారు. వాళ్ళూ నా చేతి మందు తిన్నవాళ్ళే. వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చో."

"కూర్చుని?"

"కూర్చో. అంతే."

ఇంత సులువైన మందు ఇంకోటి ఉంటుందా చెప్పండి! చేదు లేదు, వాంతి లేదు. అందుకేనేమో వాడికి అది మందులా కనబడలేదు.

సరే, పెద్దావిడ చెప్పింది కదా అని మర్నాడు వెళ్ళాడు. నల్లబండ మీద ముగ్గురున్నారు. ఒకటి తిమ్మక్క. ముసలి కొండముచ్చు, తోక సగమే ఉంది. ఒకప్పుడు తాటిచెట్లెక్కి కుండల్లో కల్లు తాగేది. ఇంకోడు బొడ్డప్ప. అడివిపంది, ఒళ్ళంతా ఎండిన బురద. సారా బట్టీ పిప్పిలోనే పొర్లి పెరిగినవాడు. మూడోవాడు సింగన్న. పేరు సింగన్నే కానీ బక్కచిక్కిన నక్క. కుళ్ళిన ఈతపళ్ళు తిని మత్తులో తన గూడే మర్చిపోయినవాడు.

"రా రాయుడూ, కూర్చో" అంది తిమ్మక్క. వాడు కూర్చోలేదు. నిలబడే చూశాడు.

తిమ్మక్క చెప్పింది. "నేను తిమ్మక్కని. నిన్న తాగలేదు. నిన్న సాయంత్రం తాటితోపు మీదుగా వచ్చాను. కాళ్ళు అటే లాగాయి. పరిగెత్తుకొచ్చేశాను."

బొడ్డప్ప చెప్పాడు. "నేను బొడ్డప్పని. నిన్న తాగలేదు. ఎందుకో పొద్దస్తమానం ఏడుపొచ్చింది. తాగితే తగ్గిపోతుందనిపించింది. తాగలేదు. ఏడ్చాను."

సింగన్న చెప్పాడు. "నేను సింగన్నని. నిన్న నాకేం అనిపించలేదు. అందుకే భయంగా ఉంది."

ముగ్గురూ కాసేపు ఊరికే కూర్చున్నారు. తరవాత ఎవరి దారిన వాళ్ళు లేచారు.

రాయుడికి నవ్వాగలేదు. "ఇదేనా? దీనికోసమా పొలుసమ్మ నన్ను పంపింది? తోకతెగిన కొండముచ్చు, ఏడ్చే బురదపంది, భయపడే నక్క! నేను కొండలరాయుణ్ణి. నేను మీలాంటివాణ్ణి కాదు. నాకు జబ్బు చేసింది, మందు తిన్నాను, తగ్గిపోయింది. తగ్గినవాడు రోజూ వచ్చి జబ్బు కబుర్లు చెప్పుకుంటాడా?"

బొడ్డప్ప కోరలు బయటపెట్టాడు. తిమ్మక్క వాణ్ణి ఆపి, "మేం రోజూ ఇక్కడే ఉంటాం" అంది.

"ఉండండి, ఉండండి" అన్నాడు రాయుడు. గుండెలు విరుచుకుని వెళ్ళిపోయాడు. బాగుపడ్డ ఎలుగంటే ఎలా నడవాలో అలా నడిచాడన్నమాట.

ఇక అడవి పెద్దల సంగతి వినండి. ఆ అడవికి పింఛాలరావు అనే నెమలి పెద్ద. ఏ పని జరిగినా ముందు పురి విప్పుతాడు, తరవాత పనేమిటని అడుగుతాడు. రాయుడు తాగడం మానేశాడని తెలియగానే సన్మాన సభ పెట్టించాడు. మద్దిచెట్టు కింద అందరినీ కూర్చోబెట్టాడు. రాయుడి మెడలో మోదుగాకుల దండ వేశాడు.

"రాయుడుగారు ఉక్కు మనిషి!" అన్నాడు పింఛాలరావు. ఎలుగుబంటిని మనిషి అన్నందుకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. "ఒక్క దెబ్బతో వ్యసనాన్ని తన్ని తగిలేశారు. ఆయన్ని చూసి మనమంతా నేర్చుకోవాలి!"

జింకలు ఔనన్నాయి. ఉడతలు చప్పట్లు కొట్టాయి. మోదుగు దండ ఎండిపోకముందే అందరూ ఇళ్ళకి పోయారు. ఆ తరవాత ఒక్కరంటే ఒక్కరు వాడి గుహకి వచ్చి, "రాయుడూ, ఎలా ఉన్నావు? నిద్ర పడుతోందా?" అని అడగలేదు. వాళ్ళకి కావలసింది వేడుక. అయిపోయింది.

రాయుడు అవతలి కొండకి కాకి చేత కబురు పంపాడు. "నేను మానేశాను. సన్మానం కూడా చేశారు. వచ్చెయ్యి." నేరేడమ్మ అదే కాకి చేత జవాబు పంపింది. "సంతోషం. వచ్చే వేసవి దాటాక వస్తాను." రాయుడికి కోపం వచ్చింది. సన్మానం మాటకైనా ఆవిడ గౌరవం ఇవ్వలేదే అనుకున్నాడు.

వానలు పడ్డాయి. వాన దెబ్బకి సారా బట్టీ వాళ్ళు సర్దుకుని ఎటో పోయారు. రాతి గుంటలో వాననీళ్ళే నిండాయి. రాయుడు తాగలేదు. చలికాలం వచ్చింది. అడవి మొత్తం వెతికినా తాగడానికి చుక్క లేదు. రాయుడు తాగలేదు. "చూశారా నా పట్టుదల!" అని కనబడినవాళ్ళందరితో చెప్పుకున్నాడు. దొరకనిదాన్ని తాగకపోవడం పట్టుదలట! ఆ లెక్కన చంద్రుణ్ణి ముట్టుకోనందుకు నాకూ ఒక దండ వెయ్యాలి.

ఆ రోజుల్లో నల్లబండ వాళ్ళు ఊరుకోలేదు. ముందు బొడ్డప్ప వచ్చాడు. "రాకపోతే పోయావు, బాగున్నావా?" అని అడిగాడు. "నీ బురద నా గుమ్మంలో రాలుతోంది" అన్నాడు రాయుడు. తరవాత సింగన్న వచ్చాడు. "అన్నా, ఒక్కడివే ఉంటే బుర్ర చెడ్డ మాటలు చెబుతుంది" అన్నాడు. "నీ బుర్ర చెబుతుందేమో, నాది చెప్పదు" అన్నాడు రాయుడు. ఆఖర్న తిమ్మక్క వచ్చింది. ముసలిది, కొండెక్కి రావడానికి సగం పూట పట్టింది.

"పువ్వుల కాలం వస్తోంది రాయుడూ. ఇదే మొదటి ఏడు. మొదటి ఏడు నేనొక్కదాన్నే ఉన్నాను. మూడుసార్లు పడ్డాను. ఈ తోక పోయింది అప్పుడే, తాగి చెట్టుమీంచి పడి. అందుకని వచ్చాను."

"నువ్వు పడ్డావని నేనూ పడాలా?"

"పడకూడదనే కదా వచ్చింది!"

"వెళ్ళు, వెళ్ళు. నీలాంటివాళ్ళు నా గుమ్మం ముందు కనబడితే నాకూ అదే జబ్బనుకుంటారు."

తిమ్మక్క కొండ దిగింది.

చైత్రం వచ్చింది. ఒకరోజు తెల్లవారేసరికి చెట్టు కింద ఇప్పపువ్వు. లేత పసుపు, బొద్దుగా, మంచులో తడిసి. వాసన కొండంతా కమ్మేసింది.

మొదటి రోజు రాయుడు చెట్టు కింద నిలబడ్డాడు. "వాసన చూస్తే తప్పేముంది? నా పట్టుదల ఎంతటిదో నాకే తెలుస్తుంది" అనుకున్నాడు. చూశాడు. వెళ్ళిపోయాడు. చాలా గర్వపడ్డాడు.

రెండో రోజు గుప్పెడు పువ్వు తిన్నాడు. "తాజా పువ్వు తిండే కదా. తాగుడు కాదుగా" అనుకున్నాడు.

మూడో రోజు రాతి గుంట దగ్గరికి వెళ్ళాడు. ఎందుకయ్యా అంటే, అక్కడ పువ్వు పులిసిందో లేదో చూసి అందరినీ హెచ్చరించాలట! మిగతా జంతువులు ఎన్నడూ దాని దగ్గరికే పోవని చెప్పాను కదా. ఎవరిని హెచ్చరిద్దామనో మరి. ఆ మూడు రోజుల్లో ఏ ఒక్క పొద్దున్నైనా ఈ మాటలు నల్లబండ మీద పైకి అని ఉంటే, వినే ముగ్గురూ నవ్వేవారు. వాళ్ళతో పాటు తనూ నవ్వేవాడు. అక్కడితో పోయేది. కానీ వాడి మాటలు వాడొక్కడే విన్నాడు. వాడికి చాలా తెలివిగా అనిపించాయి.

ఒక్క గుటక అనుకున్నాడు. మధ్యాహ్నానికి గుంట అడుగు కనబడింది.

ఆ వేసవి ఎండ ముందే ముదిరింది. వాగు ఎండింది. అందరూ రాయుడి ముందు బారులు తీరారు. "రాయుడుగారుండగా మనకేం భయం?" అన్నాడు పింఛాలరావు. రాయుడు దూరంగా నిలబడి మాట్లాడాడు, నోటి వాసన తెలియకుండా. సరైన చోటే చూపించాడు. తవ్వడం మొదలుపెట్టాడు. ఆ ఏడు నీళ్ళు బాగా లోతుకి పోయాయి. ఎలుగు నిలువు లోతు తవ్వినా తడి తగల్లేదు. ఇంకా తవ్వాలంటే ముందు అంచులు వెడల్పు చెయ్యాలి, లేకపోతే ఇసుక కూలుతుంది. వాడికి ఆ సంగతి తెలుసు. కానీ చేతుల్లో వణుకు మొదలైంది. రాతి గుంట గుర్తొచ్చింది.

"కాసేపట్లో వస్తాను. ఎవరూ దిగకండి" అన్నా సరిపోయేది. ఆ మాట కూడా అనకుండా పోయాడు.

చెవులమ్మ అనే కుందేలు ఉంది. కడుపుతో ఉంది, దాహంతో నాలుక పిడచకట్టుకుపోయింది. రాయుడుగారు తవ్వడం ఆపేశారంటే నీళ్ళు పడ్డాయనుకుంది. దిగింది. అడుగున కాస్త తడి కనబడితే ముందుకాళ్ళతో గోకింది. రెండు పక్కల ఇసుకా ఒక్కసారి కూలింది.

గట్టు మీద అందరూ కేకలు పెట్టారు. జింకలు అటూ ఇటూ పరిగెత్తాయి. పింఛాలరావు ఎగిరి కొమ్మెక్కి, "ఎవరైనా ఏదైనా చెయ్యండి!" అని అరిచాడు. ఏదైనా చెయ్యడం ఆయన పని కాదుగా.

కేకలు నల్లబండ దాకా వినబడ్డాయి. ముందు బొడ్డప్ప వచ్చాడు. మాట్లాడకుండా ఇసుకలో ముట్టె పెట్టి దున్నాడు. సింగన్న గోళ్ళతో ఇసుక వెనక్కి తోడాడు. తిమ్మక్క పొడుగు చెయ్యి లోపలికి పెట్టి వెతికి వెతికి, చెవులు దొరకబుచ్చుకుని లాగింది. చెవులమ్మ బతికింది. కళ్ళనిండా ఇసుక, ఊపిరి అందక గిలగిల్లాడింది, కానీ బతికింది. కడుపులో పిల్లలు మాత్రం దక్కలేదు.

ఆ సాయంత్రం అడవంతా రాయుడి గుహ ముందు పోగైంది. నిరుడు దండ వేసినవాళ్ళే అందరూ.

"తాగుబోతు బుద్ధి మారుతుందా? నేను ముందే అనుకున్నాను" అన్నాడు పింఛాలరావు. ఉక్కు మనిషి అన్న నోరే అది. మధ్యలో కడుక్కోను కూడా లేదు.

"అడవి వదిలి పో!" అన్నాయి జింకలు. ఉడతలు గింజలు విసిరాయి. రాయుడు తల ఎత్తలేదు. మత్తు దిగిపోయింది. చెవులమ్మ సంగతి తెలిసింది. జనం తిట్టీ తిట్టీ అలిసిపోయి వెళ్ళిపోయారు.

పొద్దున్నే గుమ్మంలో అలికిడైంది. తిమ్మక్క, బొడ్డప్ప, సింగన్న.

"మీరూ తిట్టిపోండి. మీకే ఎక్కువ హక్కుంది" అన్నాడు రాయుడు.

"నిన్ను తిట్టాలని నాకు చాలా ఉంది" అంది తిమ్మక్క. "ఆ తల్లి ముఖం చూసొచ్చాను. జాలిపడదామని రాలేదు నేను. నువ్వు చేసింది పాడు పని. దాన్ని ఎవరూ చిన్నది చెయ్యరు, నువ్వూ చెయ్యొద్దు. అయితే ఒకటి అడుగుతా. ఇప్పుడు నీకేం కావాలనిపిస్తోంది?"

రాయుడు గోళ్ళతో నేల గీకాడు. "తాగాలని ఉంది" అన్నాడు. "ఇంత జరిగాక కూడా తాగాలనే ఉంది. నేనెంత నీచుణ్ణో చూశావా!"

సింగన్న నవ్వాడు. "అన్నా, నా గూడు మర్చిపోయిన రోజు నా తమ్ముణ్ణి చిరుత ఎత్తుకుపోయింది. ఆ ఏడుపులో నేను మొదట వెతికింది ఈతపళ్ళని."

రాయుడు తల ఎత్తి వాడి వంక చూశాడు. అంతవరకూ సరిగ్గా చూడనే లేదు.

వాళ్ళు వెళ్ళలేదు. మూడు రోజులు అక్కడే ఉన్నారు. పొలుసమ్మ మళ్ళీ చేదు వేరు పంపింది. రాయుడు వణికితే బొడ్డప్ప ఆనుకుని కూర్చున్నాడు, ఆ బురద ఒంటితోనే. కక్కితే సింగన్న పడక కింది ఆకులు మార్చాడు. అరిస్తే తిమ్మక్క, "ఆ పాముని నేనూ చూశాను. నాది ఇంకా పెద్దది" అంది. నాలుగో రోజు పొద్దున్న, "పద, బండ దగ్గరికి" అంది.

ఈసారి రాయుడు కూర్చున్నాడు. తన వంతు వచ్చింది. ఎంతో మాట్లాడేవాడు కదా, ఆ రోజు మాత్రం, "నేను రాయుణ్ణి" అన్నాడు. కొండలు ఎక్కడో జారిపోయాయి. "నిన్న తాగలేదు. చెవులమ్మ ఇంటి ముందునుంచి రావలసి వచ్చింది. చుట్టూ తిరిగి వచ్చాను. ముఖం చూపించలేక."

"రేపు చుట్టూ తిరగకు" అన్నాడు బొడ్డప్ప. అంతే. ఇంకేం అనలేదు.

మర్నాడు వాడు చెవులమ్మ ఇంటి ముందునుంచే వచ్చాడు. ఆగాడు. "తల్లీ, నీకు నేను చేసింది తిరిగి రాదు. నీకు రోజూ నీళ్ళు తెచ్చి పెడతాను" అన్నాడు. చెవులమ్మ ముఖం తిప్పేసుకుంది. అయినా తెచ్చాడు. నెల పోయాక ఆమె ఆ నీళ్ళు తాగింది. మాట్లాడలేదు. తాగింది. మన్నించిందని నేను మీకు చెప్పను. మన్నించలేదేమో కూడా.

వాడు మళ్ళీ చెలమలు తవ్వాడు. ఒంటరిగా మాత్రం ఎన్నడూ కాదు. వాడు తవ్వుతుంటే బొడ్డప్ప అంచులు వెడల్పు చేసేవాడు, సింగన్న కాపలా కూర్చునేవాడు, తిమ్మక్క గట్టు మీద ఊరికే తిట్టేది. మరుసటి చైత్రంలో మళ్ళీ పువ్వు రాలింది. వాసన తగలగానే రాయుడు పరుగు తీశాడు. రాతి గుంట వైపు కాదు, సింగన్న గూటి వైపు. "తమ్ముడూ, వాసన చూస్తే తప్పేముంది అని బుర్ర అంటోంది!" అన్నాడు రొప్పుతూ. సింగన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. రాయుడూ నవ్వాడు. ఇద్దరూ పువ్వుల కాలం అయ్యేదాకా ఒకే గూట్లో ఉన్నారు. ఆ ఇరుకులో ఎలుగు ఎలా పట్టాడని అడక్కండి.

ఆ సంగతి తెలిసి పింఛాలరావు మళ్ళీ సభ పెడతానన్నాడు. రాయుడు రానన్నాడు. పాపం, పురి అప్పటికే విప్పేశాడు. మడుచుకోడానికి తంటాలు పడ్డాడు.

నిరుడు చెవులమ్మ సంగతి విని ఆగిపోయిన నేరేడమ్మ, ఆ వేసవి దాటాక వచ్చింది. రాయుడి చేతులు చూసింది, వణకడం లేదు. కళ్ళు చూసింది, తేటగా ఉన్నాయి. తెచ్చుకున్న నేరేడుపళ్ళు వాడి ముందు పెట్టింది. మర్నాడు పొద్దున్నే రాయుడు లేచి బయల్దేరుతుంటే, "ఎక్కడికి?" అని అడిగింది.

"నల్లబండ దగ్గరికి."

"ఇంకా ఎందుకయ్యా? నీకు బాగైపోయిందిగా. ఇప్పుడు నేను కూడా వచ్చేశాను. ఏం చెప్పుకోవాలన్నా నాకు చెప్పుకోవచ్చుగా?"

రాయుడు గుమ్మంలో ఆగాడు.

"నీకు నేను అబద్ధం చెప్పగలనే. ఎన్నోసార్లు చెప్పాను, నువ్వు నమ్మావు" అన్నాడు. "వాళ్ళకి చెప్పలేను. నేను చెప్పగల అబద్ధాలన్నీ వాళ్ళు నాకంటే ముందే చెప్పేశారు."

నేరేడమ్మ పళ్ళలో సగం ఆకులో మూటగట్టి వాడి చేతికిచ్చింది.

"వాళ్ళకి కూడా పెట్టు. త్వరగా పో, కూర్చునే వేళైంది."

నీతి: మందు ఒంట్లో విషాన్ని తీస్తుంది. మళ్ళీ ఆ విషం జోలికి పోకుండా కాచేది, అదే విషం తాగి లేచినవాళ్ళ తోడు. వాళ్ళ పక్కన కూర్చోడం నామోషీ అనుకునేవాడు తన అబద్ధాల్ని తానే నమ్ముకుని పడతాడు, తనతో పాటు తనని నమ్మినవాళ్ళనీ పడేస్తాడు.